మరూభవనమా? మరూకరణమా?

భూపునరుద్ధరణ పరిభాషను గుఱించి యొక విమర్శము

మా జొన్నగిరి ప్రాంతపు పాఠశాలలోని బాలుఁడొకఁడు తొలకరివానను గుఱించి వ్యాసము వ్రాయుచు "వానకు మా చేను పోయింది" అని వ్రాసెను. నేను దానిని కొట్టివైచి, "అతివృష్టిచే మా భూమి సారము క్షీణించినది" అని యెఱ్ఱసిరాతో దిద్దితిని. మఱునాఁడు బాలుఁడు నాయొద్దకు వచ్చి చేతులు కట్టుకొని నిలిచి, "సారం కాదయ్యవారూ, చేనే పోయింది. వంక పక్కన మన్నే లేదు, గరుసే మిగిలింది" అని విన్నవించెను. నా కప్పుడు కొంచెము కోపము వచ్చినమాట నిజము. అయినను ఆదివారమునాఁడు వానితోఁ బోయి చూచితిని. గట్టు తెగి, వాలుననున్న యెఱ్ఱమన్నంతయుఁ గొట్టుకొనిపోయి, మూఁడెకరముల చేనిలో నొక యెకరము మేర క్రింది గరుసు తేలి యుండెను. పోయినది సారము మాత్రమే కాదు; సారమున కాశ్రయమైన ద్రవ్యమే పోయినది. నా దిద్దుబాటు శబ్దశుద్ధమే కాని యర్థశుద్ధము కాదని నాఁడు తెలిసికొంటిని.

ఇంత చిన్న విషయమును పరిషత్పత్రిక కెక్కించుట యేల యని చదువరు లడుగవచ్చును. నేల చెడుట, కఱవు, పునరుద్ధరణము మొదలగు మాటలు నేఁడు పాఠ్యపుస్తకములందును, ప్రభుత్వ ప్రకటనములందును, వార్తాపత్రికలందును నిత్యము వినవచ్చుచున్నవి. వీనిని బాలురకు బోధించువారము మనము. మాట తప్పినచో భావము తప్పును. భావము తప్పినచోఁ బని తప్పును. వైద్యుఁడు రోగమునకు వేఱు పేరు పెట్టి మందిచ్చినట్లగును. కావున నీ పరిభాషను వ్యాకరణదృష్టితోఁ గొంత విమర్శింపఁ బూనితిని.

మొదట విషయస్వరూపము. 1994వ సంవత్సరము జూన్ 17వ తేదిని పారిస్ నగరమున ఐక్యరాజ్యసమితి పక్షమున నొక యొడంబడిక యామోదింపఁబడినది. మన దేశము దానిని 1996 డిసెంబరులో స్థిరపఱచినది. అందలి లక్షణమునుబట్టి చూడఁగా, శుష్కములు, అర్ధశుష్కములు, కొంచెము తేమగల మెట్టలు నగు ప్రదేశములందు శీతోష్ణస్థితి మార్పులు, మనుష్యవ్యాపారములు మున్నగు పెక్కు కారణములచే నేల చెడుటయే విచార్యాంశము. ప్రకృతిసిద్ధమైన యెడారి యంచులు జరిగి మనమీఁదికి వచ్చుట దాని యర్థము కాదు. థార్ ఎడారి జొన్నగిరికి నడచి రానక్కఱలేదు. జొన్నగిరి చేను తానున్న చోటనే చెడవచ్చును.

ఈ యర్థమునకు మన పత్రికలు "ఎడారీకరణము" అను మాటను వాడుచున్నవి. దీని నిర్మాణమును బరికింతము. కానిది యగుట యను నర్థమున సంస్కృతమునఁ జ్వి ప్రత్యయము వచ్చును. తెల్లనిది కానిదానిని దెల్లగాఁ జేయుట శుక్లీకరణము. ఇకారోకారములు చివరనున్నచో నవి దీర్ఘమగును. ఆ విధిని "ఎడారి" యను తెలుఁగుమాటకుఁ దగిలించి యెడారీకరణ మనిరి. తెలుఁగు ప్రకృతిమీఁద సంస్కృత ప్రత్యయము నెక్కించుట వైయాకరణులకు రుచింపదు. కాని నేనీ దోషమును పెద్దదిగాఁ జేయను. లోకము వాడినమాటను శాస్త్రము తుదకు సమ్మతింపక తప్పదు. ఇంతకంటెఁ బెద్ద దోషములు రెండు దీనియందుఁ గలవు.

మొదటిది ప్రకృత్యంశమునందలి దోషము. "ఎడారి" యనఁగానే బాలునకు ఇసుకతిన్నెలు, ఒంటెలు, ఎండమావులు తోఁచును. వాఁడు తన యూరిచుట్టునుఁ జూచును, అవి కనఁబడవు, కావున ఆ యాపద మనది కాదని నిశ్చింతగా నుండును. అనంతపురము జిల్లా కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములందు వేదవతి, అనఁగా హగరి, తీరమున గాలికి లేచిన యిసుక పొలములపైఁ బడి మేటలు వేయుట నిజమే. అచ్చట నీమాట కన్నులకుఁ గట్టును. కాని యాదవాని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రాంతములందు నేల చెడుట యధికముగా నీటివలన జరుగుచున్నది, గాలివలనఁ గాదు. దేశమంతటిని జూచినను నంతియే. ఇస్రోకుఁ జెందిన అహమ్మదాబాదు స్పేస్ అప్లికేషన్స్ సెంటరువారు 2021లోఁ బ్రకటించిన పటావళిలో, 2018–19 నాఁటికి దేశ విస్తీర్ణములో నీటికోఁతచేఁ జెడినది సుమారు 11 పాళ్లు, చెట్టుచేమల క్షీణతచేఁ జెడినది సుమారు 9 పాళ్లు, గాలిచేఁ జెడినది సుమారు 5.5 పాళ్లు నని చూపఁబడినవి. కఱవుసీమలో నీటివలన నేల పోవు ననుట విరోధాభాసమువలెఁ దోఁచును. కాని యిది యలంకారము కాదు, యథార్థము.

అది యెట్లు జరుగునో చెప్పెదను. మన సీమలో వాన తక్కువ. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు సుమారు 670 మిల్లీమీటర్లు, పడమటి భాగమున నంతకంటెఁ దక్కువ. ఆ కొంచెమును గొన్ని దినములలోనే కుండపోతగాఁ బడును. వేసవియంతయు దున్ని బోడిగా నుంచిన నేలపైఁ బెద్దచినుకు పడినప్పుడు మట్టి బెడ్డలు చిట్లి పొడియగును. ఆ పొడి పైరంధ్రములను బూడ్చి పెచ్చు కట్టును. అంతట నీరింకక వాలునుబట్టి పాఱును; పాఱుచు మెత్తని మన్నును, అందలి జీవాంశమును ముందుగాఁ దీసికొనిపోవును; గులకయు గరుసును మిగులును. మఱుసటి వాన కింకుట యింకను దగ్గును. కావున నంతే వాన పడినను చేనికిఁ గఱవు హెచ్చును. నేల చెడుట కఱవునకు ఫలము మాత్రమే కాదు, కారణముకూడ నగుచున్నది.

జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతములలో దీని కొక వింతసాక్ష్య మున్నది. తొలకరివానలు పడఁగానే యెక్కడెక్కడినుండియో జనులు వచ్చి, దుక్కి చేలలోఁ దలలు వంచికొని వజ్రములను వెదకుదురు. వాన కడిగిన పిమ్మటనే రాళ్లు బయటఁ బడుననుట యందఱెఱిఁగినదే. అనఁగా వజ్రము మెఱయుటకుఁ బైమన్ను పోవలెను. దొరకిన యొక్క రాతికథను పత్రికలు వ్రాయును. పోయిన బండ్లకొలఁది మన్నుకథను వ్రాయువారు లేరు. నాచేత దిద్దఁబడిన బాలుఁడు వ్రాసెను, నేను కొట్టివైచితిని.

ఇఁక రెండవ దోషము. ఇది క్రియాంశమునందలిది. చ్వి ప్రత్యయమునకుఁ బిమ్మట కృ ధాతువు వచ్చినచోఁ జేయుట, భూ ధాతువు వచ్చినచో నగుట. మరువు కానిది మరువగుట మరూభవనము. దానిని మరువుగాఁ జేయుట మరూకరణము. ఒకదానియందుఁ గర్త నేలయే; మఱియొకదానియందుఁ గర్త యన్యుఁడు. వాడుకలోఁ "గరణ" మనుచునే కర్తను జెప్పకుండుట మన యలవాటయ్యెను. చేయువాఁడున్నట్లు మాట యున్నది. చేసినవాఁడెవఁడో వాక్యమున లేఁడు.

దీనికిఁ దోడు "భూమి క్షీణించుచున్నది", "నీరు తగ్గిపోవుచున్నది" అను వాక్యములు మన ప్రకటనములందుఁ దఱుచు. వ్యాకరణమున దీనికిఁ గర్మకర్తృప్రయోగ మని పేరు. అన్నము వండఁబడునది, కాని పని మిక్కిలి సులువుగా జరిగినదని చెప్పఁదలఁచినప్పుడు అన్నము తనంతఁ దానే యుడికినదన్నట్లు చెప్పుదుము. కర్మమే కర్తయై కనఁబడును, వండినవాఁడు మఱుఁగుపడును. భాషలో నిది సొంపు. లెక్కలు చెప్పవలసినచోట నిది మఱుఁగు.

మఱి వాస్తవమునఁ గర్త యెవఁడు? వాన కర్త కాదు, హేతువు. వాలునకు అడ్డముగాఁ గాక వాలువెంబడిని దున్నినవాఁడు రైతు. గట్టు తెగినను గట్టనివాఁడు రైతు. ఏటేట నొక్క వేరుసెనగయో, ప్రత్తియో వేసినవాఁడు రైతు. అంతమాత్రమున దోషమంతయు రైతుపైఁ బెట్టుట న్యాయముకాదు. పాణినీయమునఁ జేయువానిని బ్రేరేపించువాఁడు ప్రయోజకుఁడు. వానికిఁ గర్తృసంజ్ఞయు హేతుసంజ్ఞయు రెండును గలవు. కౌలు మఱుసటి యేఁట నుండునో యుండదో తెలియని కౌలుదారుఁడు గట్టు వేయఁడు. అప్పిచ్చినవాఁడు ఏ పంట కిచ్చిన నా పంటయే వేయును. జొన్న, కొఱ్ఱలకు ధర లేనిచోట నవి చేనిలో నిలువవు. కావున రైతు ప్రయోజ్యకర్త; ప్రయోజకులు సంతయు, ఋణమును, విధానమును. ఈ వివేకము పాఠమునఁ జెప్పనిచో బాలుఁడు తన తండ్రినే దోషిగా నెంచును.

కఱవు మొదలగు మాటలకుఁ గూడ వివేక మావశ్యకము. నిఘంటువులు అనావృష్టిని, క్షామమును, దుర్భిక్షమును, కఱవును దగ్గఱదగ్గఱగా నుంచుచున్నవి. కాని వాన లేకుండుట యనావృష్టి. భిక్ష దొరకకుండుట దుర్భిక్షము. ఆ మాటలోనే యర్థమున్నది. మొదటిది మేఘమునకు, రెండవది మనుష్యులకుఁ జెందినది. 1876–78 నాఁటి ధాత కఱవు దీనికి దృష్టాంతము. 1871, 1881 సంవత్సరముల జనసంఖ్యలను బోల్చి చూడఁగాఁ గర్నూలు జిల్లా సుమారు నాల్గవవంతు జనమును గోలుపోయెను. వాన తప్పుట నిజము. కాని యా కాలముననే ధాన్యము విదేశములకుఁ బోవుచుండెను. 1877లో సర్ రిచర్డు టెంపులు పనివాని దినకూలిని ఒక పౌను ధాన్యము ప్రమాణమునకుఁ దగ్గించెను. అనావృష్టి దైవకృతమైనను దుర్భిక్షము మనుష్యకృతము. 1880 నాఁటి క్షామవిచారణసంఘము, 1883 నాఁటి క్షామనిబంధనలు నీ భేదమును గొంత గుర్తించినవి. నేఁడు అంతటి దుర్భిక్షము లేదు. కాని యనావృష్టి యున్నది. దానికి మూఁడవదియైన భూనాశము తోడైనది. ఈ మూఁటిని ఒకే "కఱవు" అను మాటతోఁ జెప్పుటచే, నొకదానికిఁ జేసిన చికిత్స మఱియొకదానికిఁ జేసినట్లే లెక్కకు వచ్చుచున్నది. బియ్యము పంచినచో దుర్భిక్షము తొలఁగును, మన్ను నిలువదు.

ఇఁక "పునరుద్ధరణ" శబ్దము. మన పూర్వులు గుళ్లు, చెఱువులు పాడైనప్పుడు జీర్ణోద్ధార మనిరి. పునరుద్ధరణము దానికి సోదరశబ్దము. మా యూరికి సమీపముననున్న యెఱ్ఱగుడి శిలలపై, 1929 ప్రాంతమున వెలుఁగులోనికి వచ్చిన అశోకుని శాసనములున్నవి. మా జొన్నగిరియే యాతని దక్షిణరాజధానియైన సువర్ణగిరి యని కొందఱును, కర్ణాటకములోని కనకగిరి యని మఱికొందఱును నందురు. ఆ వాదముతో నిప్పుడు పనిలేదు. చతుర్దశ శాసనములలో రెండవదానియందు, మనుష్యులకును పశువులకును జికిత్స యేర్పఱుపఁబడినదనియు, ఓషధులు లేనిచోటికిఁ దెప్పించి నాటింపఁబడినవనియు, త్రోవలయందు బావులు త్రవ్వింపఁబడినవనియు, చెట్లు నాటింపఁబడినవనియుఁ గలదు. క్రియలలోఁ బెక్కు ప్రేరణార్థకములు. రాజు త్రవ్వెనని లేదు, త్రవ్వించెనని యున్నది. ఈ యొక్క ప్రత్యయమునందు రాజధర్మము గోచరించుచున్నది.

కొందఱు వక్తలు ఈ శాసనమును జూపి, నేఁటి భూరక్షణమంతయు అశోకుఁడు చేసినదే యందురు. నేనందుకు సమ్మతింపను. శాసనము చెప్పినవి త్రోవలు, చేలు కావు. ప్రయోజనము బాటసారులకును పశువులకును నీరు, నీడ. దానిని నేల నుద్ధరించుటగాఁ జెప్పుట యతివ్యాప్తి. ఉన్నదానిని ఉన్నంతగాఁ జెప్పుటయే శాసనమునకు మనము చేయు గౌరవము. అందు మనము గ్రహింపవలసిన దొక్కటి గలదు: ఫల మెవ్వరిదో చెప్పుట. బావి యెవ్వరికొఱకు, చెట్టెవ్వరికొఱకు నని యా రాజు స్పష్టముగాఁ జెప్పెను. నేఁటి ప్రకటనములలో హెక్టారుల సంఖ్య యుండును. ఆ హెక్టారులమీఁద బ్రతుకువా రెవ్వరో యుండదు.

చేలకు సంబంధించిన నిజమైన లక్షణగ్రంథఖండము మఱియొక శాసనమున నున్నది. కడప జిల్లా పోరుమామిళ్ల చెఱువు నొద్ద, 1369 నాఁటి సంస్కృతశాసనము గలదు. బుక్కరాయల కుమారుఁడైన భాస్కరుఁడు, నామాంతరమున భవదూరుఁడు, ఆ చెఱువును ద్రవ్వించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పట్టెనని యందుఁ గలదు. మంచి చెఱువునకుఁ బండ్రెండంగములను, ఆఱు దోషములను శాసనకర్త పేర్కొనెను. ధర్మపరుఁడును ధనవంతుఁడునగు ప్రభువు, జలశాస్త్ర మెఱిఁగిన పండితుఁడు, గట్టి బంకమన్నుగల నేల, దూరమునుండి వచ్చు తీయని నీటియేఱు, ఆనుకొనియున్న కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుగాని గట్టి రాతికట్ట, లోఁతైన గర్భము, దగ్గఱ రాతిగని, పల్లపు మంచిపొలము, పనితెలిసిన కూలీల గుంపు మొదలగునవి యంగములు. కట్టనుండి నీరూఱుట, చవుడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, గర్భము నడుమ తాఁబేటివీఁపువలె మెట్ట యుండుట, నీరు తక్కువయై ఆయకట్టు ఎక్కువగుట, ఆయకట్టు తక్కువయై నీరు హెచ్చగుట యను నాఱును దోషములు.

ఈ జాబితాను బఠించునప్పుడు మన కాలపు విధానకర్తలకు సిగ్గు కలుగవలెను. నీటికిని ఆయకట్టునకును సామ్యము లేకుండుట దోషమని ఆఱువందల యేండ్లక్రిందట వ్రాసియుండఁగా, తుంగభద్ర దిగువకాలువ చివరనున్న యాదవాని, ఎమ్మిగనూరు పొలములవారు కాలువ యున్నదనియు నీరు రాలేదనియుఁ జెప్పుకొనుట యేటేటి మాటయైనది. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట దోషమన్న మాటయు నిచ్చటఁ దలఁపునకు వచ్చును. తుంగభద్ర జలాశయము 1953లో నీరు పట్టినప్పుడు 133 టీ.ఎం.సీ.లు; 2016 సర్వేనాఁటికి సుమారు 105. తగ్గినదంతయు మన్ను నిండిన చోటే. ఎగువ పొలములనుండి పోయిన మన్నే దిగువపొలములకు రావలసిన నీటి చోటు నాక్రమించినది. ఒకరి చేను పోయినది. మఱియొకరి నీరు పోయినది.

కాని విమర్శకుఁడు ప్రాచీనమునందలి కొఱతనుగూడఁ జెప్పవలెను. పండ్రెండంగములలో నిర్మాణమునకుఁ గావలసినవన్నియు నున్నవి. కట్టిన పిమ్మట నేఁటేఁట పూడిక తీయువాఁ డెవఁడో లేదు. ఆ కొఱతను లోకము వేఱుగాఁ దీర్చుకొన్నది. చెఱువు బాగుచేయువానికి దశబంధమాన్యము లిచ్చు నాచారము మన సీమయందు విరివిగా నుండెను. ఊరివారు వేసవిని పూడికమన్ను తీసి చేలకుఁ దోలుకొనుచుండిరి. దానివలనఁ జెఱువు లోఁతగును, చేను బలియును. ఒక్క పనికి రెండు ఫలములు. పందొమ్మిదవ శతాబ్దమున మాన్యములు పట్టాభూములుగా మాఱిన పిమ్మట నా సంబంధము సడలెను. 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధసేవాశాసనమును జేసినను మునుపటి కట్టుబాటు రాలేదు. 1997లో నీటిసంఘముల చట్టముచే నాంధ్రప్రభుత్వము దానిని మరలఁ దేఁబూనెను.

ఇఁక జాతీయప్రయత్నములు. 1973–74లోఁ గఱవుప్రాంతముల పథకము. 1994లో మన తెలుఁగువారగు సి.హెచ్. హనుమంతరావుగారి యధ్యక్షతను సంఘము, దానినిబట్టి 1995నుండి వాటర్‌షెడ్ పద్ధతి, 2000లో నీరు–మీరు, 2006 ఫిబ్రవరి 2వ తేదిని అనంతపురము జిల్లా బండ్లపల్లెయందుఁ బ్రారంభింపఁబడిన యుపాధిహామీ, 2015నుండి ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన, 2016నుండి రాష్ట్రమునఁ బ్రకృతివ్యవసాయము. ఢిల్లీ సమీపమున 2019 సెప్టెంబరులో జరిగిన పదునాల్గవ సమావేశమున, 2030 నాఁటికి 2 కోట్ల 60 లక్షల హెక్టారుల నుద్ధరింతుమని మన దేశము ప్రతిజ్ఞ చేసెను. అంతకుముందు చెప్పినది 2 కోట్ల 10 లక్షలు. ఇవన్నియు నిష్ఫలములని నేననను. ఉపాధికూలిచే వేసిన కందకములు, పంటకుంటలు నీటిని నిలిపిన యూళ్లు నేనెఱుఁగుదును. కాని పైని జెప్పిన పటావళినే చూడుఁడు. చెడిన నేల 2003–05లో 9 కోట్ల 45 లక్షల హెక్టారులు. 2011–13లో 9 కోట్ల 64 లక్షలు. 2018–19లో 9 కోట్ల 78 లక్షలు, అనఁగా దేశములో 29.77 పాళ్లు. ఇన్ని పథకములు నడచుచుండఁగనే సంఖ్య పెరిగినది. కారణ మేమి?

కారణములలో నొకటి నామక్రియలకుఁ గల భేదమును మఱచుట యని నా తలంపు. వైయాకరణులు క్రియను సాధ్యమనియు సిద్ధమనియు రెండువిధములఁ జూతురు. "వండుచున్నాఁడు" అనునపుడు పని నడచుచున్నది, సాధ్యము. "పాకము" అనునపుడు పని ముగిసిన వస్తువువలెఁ గనఁబడును, సిద్ధము. పునరుద్ధరణము నామమగుటచే సిద్ధమువలెఁ దోఁచును. లెక్కపుస్తకమున "ఇన్ని హెక్టారులు పునరుద్ధరింపఁబడినవి" అని వ్రాయుటతోఁ బని ముగిసినట్లగును. కాని నేలకు సంబంధించిన యే పనియు నట్లు ముగియదు. నాటిన మొక్క మూఁడు వేసవులు దాఁటవలెను. వేసిన గట్టు నేఁటేఁట గట్టవలెను. కుంట పూడిక తీయవలెను. "నాటఁబడినది" అనుటకును "బ్రతుకుచున్నది" అనుటకును నడుమనే మన పథకములు జాఱిపోవుచున్నవి. లెక్క సిద్ధరూపమున వ్రాయఁబడుచున్నది. నేల సాధ్యరూపమున జీవించుచున్నది.

మఱియొక పరిభాష "భూక్షయ తటస్థత". 2015లో సమితి యంగీకరించిన లక్ష్యములలో నిదియొకటి. ఒకచోట నేల చెడినను మఱియొకచోట నంత బాగుపడినచో మొత్తమున నష్టము లేదని భావము. ఒకేజాతి నేలలలోనే సరిపెట్టవలెనని నియమమును జేసిరి, అది మంచిదే. అయినను జాతి యొకటియైనంత మాత్రమున నధికరణ మొకటి కాదు. నష్ట మొక యధికరణమునందును లాభము వేఱొక యధికరణమునందును నున్నప్పుడు రెంటికి సామానాధికరణ్యము లేదు. వేఱొక జిల్లాలో నొక యెకరము పచ్చబడినదని చెప్పి, గరుసు తేలిన యీ బాలుని తండ్రి నెవ్వ రోదార్పఁగలరు? దేశపటమునకు సరిపోవును, కుటుంబమునకు సరిపోదు.

ఆ సరిపోకయే మా పడమటిసీమ భాషలో నొక మాటగాఁ బరిణమించినది. కోసిగి, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములవారు పంట లేక గుంటూరు మొదలగు సీమలకు మిరపకాయలు కోయను, ప్రత్తి తీయను గుంపులుగాఁ బోవుటను "సుగ్గికిఁ బోవుట" యందురు. కన్నడమున సుగ్గి యనఁగాఁ బంటకాలము, పంటపండుగ. ఇంటిముంగిట ధాన్యపురాశి నాడుకొను నానందము నా మాట చెప్పును. ఇచ్చట నది తాళము వేసిన యిల్లు, బడి మానిన పిల్లవాఁడు, పరుల పంట. ఒక్క శబ్దము పండుగనుండి వలసకు జాఱిన యీ యర్థపరిణామమునందు నేల చెడుటయొక్క చరిత్రమంతయు నున్నది. ఏ పటావళియు దీనిని గొలువలేదు.

ఇప్పుడు నా నిర్ణయములు. మొదటిది, నేల తనంత మార్పు చెందు తెఱఁగును జెప్పునపుడు మరూభవన మనుట, చేసినవాఁడు నిర్దిష్టుఁడైనపుడు మరూకరణ మనుట మేలు. ఎడారీకరణ మను వాడుకమాటను వాడినను దానికర్థమును జెప్పి వాడవలెను. రెండవది, బాలురకు మొదట "నేల చెడుట", "మన్ను పోవుట" అను తెలుఁగుమాటలనే చెప్పి, పిమ్మట సంస్కృతపరిభాష నందింపవలెను. మూఁడవది, అనావృష్టి, దుర్భిక్షము, భూనాశము ననువానిని వేఱువేఱుగ నుదాహరణములతో బోధింపవలెను. నాల్గవది, పునరుద్ధరణమును గుఱించి వ్రాయు ప్రతివాక్యమునందును ఎవఁడు, ఎవ్వరికొఱకు, ఎచ్చట, ఎంతకాలము నను ప్రశ్నలకు సమాధాన ముండవలెను. కారకములు పూర్తిగా లేని వాక్యము సాకాంక్షము. సాకాంక్షవాక్యము ప్రమాణము కాదు.

ఆ బాలుని వ్యాసమును దిరిగి తెప్పించి, నా యెఱ్ఱగీఁతను గొట్టివైచి, వాని వాక్యమును వానికే యిచ్చివేసితిని. ఒక్క ప్రశ్న మాత్రము ప్రక్కను వ్రాసితిని: "గట్టు ఎవరు కట్టాలి?" దానికిఁ బ్రత్యుత్తరముగా నాలుగు పుటలు వ్రాసి తెచ్చెను. అందు శబ్దదోషములు పెక్కు గలవు. కర్త లేని వాక్య మొక్కటియు లేదు. నా విమర్శమునందలి గుణదోషములను విద్వాంసులు విచారించి, యితర ప్రాంతముల వాడుకమాటలను దెలిపినచోఁ గృతజ్ఞుఁడనగుదును.